సిట్ అండ్ రీచ్ రీడింగు తగ్గితే పిల్లల ఒళ్లు బిగుసుకున్నట్టేనా?

గ్రౌండ్_పీఈటీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. జడ్పీ హైస్కూల్లో 6 నుంచి 10 తరగతుల వాళ్లకు ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలు పెడుతున్నాం. 50 మీటర్లు, 600 మీటర్లు, కర్ల్ అప్, పుష్ అప్ వరకూ ఇబ్బంది లేదు. చిక్కంతా సిట్ అండ్ రీచ్ (కాళ్లు చాపి కూర్చుని, అరికాళ్లు బాక్సుకు ఆనించి, ముందుకు వంగి ఎంత దూరం అందుకుంటారో బాక్సు మీది స్కేలుతో చూసే పరీక్ష) దగ్గరే. నిరుడు పక్క స్కూలు బాక్సు తెచ్చి వాడాం. ఈసారి వడ్రంగి చేత కొత్తది చేయించాం. రీడింగులు చూస్తే దాదాపు అన్ని తరగతుల్లోనూ 7, 8 సెం.మీ. తగ్గాయి. 8, 9 తరగతుల మగపిల్లలకైతే 10, 11 దాకా తగ్గాయి. రోజూ కబడ్డీ, లాంగ్ జంప్ ప్రాక్టీసుకు వచ్చే వాళ్లకూ ఇదే పరిస్థితి.

ఇది పిల్లల లోపమా, కొలతలో లోపమా? టీమ్‌లో ఉన్న పిల్లలకు ఈ ఒక్క పరీక్ష సరిపోతుందా, ఇంకేమైనా కొలవాలా? గోనియోమీటర్ (కీలు కోణం కొలిచే పరికరం) లేదు, స్మార్ట్‌ఫోన్ ఉంది.

పీడీ_ఓరుగల్లు

సార్, అన్ని తరగతులకూ ఒకేలా 8 సెం.మీ. తగ్గిందంటే ముందు బాక్సునే అనుమానించాలి. టేపు తీసుకుని ఒక్కటి చూడండి. అరికాళ్లు ఆనే పలక, పైనున్న స్కేలు మీద ఏ అంకెకు సరిగ్గా కిందుగా ఉంది? ఇక్కడ నాలుగు పద్ధతులు చలామణిలో ఉన్నాయి. కొన్నింటిలో పాదాల దగ్గరే 0. యూరప్ వాళ్ల యూరోఫిట్ బాక్సులో పై పలక పిల్లాడి వైపు 15 సెం.మీ. ముందుకు పొడుచుకుని ఉంటుంది కాబట్టి పాదాల దగ్గర 15 పడుతుంది. అమెరికా ఫిట్‌నెస్‌గ్రామ్ బాక్సులో 9 అంగుళాలు, అంటే 23. కెనడా పద్ధతిలో 26. కాలివేళ్లను దాటి 3 సెం.మీ. అందుకున్న ఒకే పిల్లాడికి ఈ నాలుగు బాక్సుల మీద 3, 18, 26, 29 అని నాలుగు రీడింగులు వస్తాయి. 23కీ 15కీ తేడా 8. మీకు తగ్గిన లెక్క కూడా అదే.

అందుకే రిజిస్టర్లో పేజీ పైన "పాదరేఖ = ఇంత" అని (అంటే పాదాల పలక దగ్గర పడే అంకె) తప్పనిసరిగా రాయండి. ఇంకా మంచి పద్ధతేమిటంటే, రీడింగులోంచి పాదరేఖ అంకె తీసేసి ప్లస్ 3, మైనస్ 5 అని రాసుకోవడం. అప్పుడు ఎవరి బాక్సు వాడినా, పిల్లాడు స్కూలు మారినా లెక్క చెడదు.

కొత్తగా చేయించుకునే వాళ్ల కోసం కొలతలు. 18 మి.మీ. ప్లైవుడ్. ముందూ వెనకా పలకలు రెండు, 30.5 × 30.5 సెం.మీ. పక్కలకు రెండు, 26.9 × 30.5. ఈ పక్క పలకలు ముందు వెనక పలకల మధ్యలో కూర్చుంటాయి కాబట్టి రెండు మందాల లెక్క 3.6 తగ్గించాలి. వడ్రంగులు ఇక్కడే పొరబడతారు, ముందే చెప్పండి. పై పలక 30.5 వెడల్పు, 53.5 పొడవు. ఇందులో 23 సెం.మీ. పిల్లాడి వైపు పొడుచుకుని ఉండాలి, మిగతా 30.5 బాక్సు మీద కూర్చోవాలి. వెనక అంచు బాక్సుతో సమంగా ఉంటే గోడకు గట్టిగా ఆనుతుంది. మేకులు కాకుండా స్క్రూలు, ఫెవికాల్ వాడితే రెండేళ్లకు కదలదు. మీటర్ టేపు ముక్క అతికించేటప్పుడు 0 గుర్తు పిల్లాడి వైపు అంచు మీద పడాలి. అతికించాక 23 గుర్తు నుంచి మట్టపలకతో కిందికి గీత గీసి, పాదాల పలకతో కలుస్తోందో లేదో చూడండి. టేపు మొదట్లో ఇనప కొక్కెం ఉంటే అది కత్తిరించి పారేయండి, మిల్లీమీటర్లు తింటుంది.

ఇక పరీక్ష పెట్టే తీరు. బూట్లు తీయించాలి. బూటు అడుగు 2 సెం.మీ. మందం ఉంటే పిల్లాడు ఆ 2 సెం.మీ. వెనక్కి జరిగి కూర్చున్నట్టే, రీడింగులో అంతా పోతుంది. బాక్సు వెనక గోడ ఉండాలి, లేదంటే కాళ్లతో తోసేస్తారు. అరికాలు మడమ నుంచి వేళ్ల దాకా పలకకు ఆనాలి. వేళ్లు ముందుకు వాల్చి పాదాన్ని చాపితే పిక్క వదులై తేలిగ్గా వంగుతారు, దొంగ సెంటీమీటర్లు వస్తాయి. మోకాలు లేవకుండా మీ చెయ్యి తేలిగ్గా ఆనించండి. నొక్కొద్దు, లేస్తే తెలియడానికి మాత్రమే ఆ చెయ్యి. ఆడపిల్లలకైతే మేడం గానీ, తోటి అమ్మాయి గానీ పట్టుకోవాలి. యూనిఫాం ప్యాంటు మోకాలి దగ్గర బిగుతుగా ఉంటే వంగనివ్వదు, ఆ రోజు ట్రాక్ ప్యాంటు వేసుకు రమ్మనండి.

రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి, నడివేళ్ల కొనలు సమానంగా. ఒక చెయ్యి ముందుకు జారితే భుజం తిరిగి రెండు మూడు సెం.మీ. ఎక్కువ వచ్చేస్తుంది, ఆ ప్రయత్నం లెక్కలోకి రాదు. ఊపుతో కుదుపుతూ అందుకోవడం కుదరదు. ఊపిరి వదులుతూ మెల్లగా మూడుసార్లు వంగమనండి, నాలుగోసారి అందుకున్న చోట ఒక సెకను ఆగితే అదే రీడింగు. మొదటిసారి ఎప్పుడూ తక్కువే వస్తుంది, దాన్ని రాయొద్దు.

అందరికీ ఒకే వార్మప్ ఉండాలి. ఐదు నిమిషాలు జాగింగ్, తర్వాత తేలికపాటి వంగుళ్లు చాలు. ఒక సెక్షన్‌కు ప్రార్థన అవగానే చల్లటి ఒంటితో, ఇంకో సెక్షన్‌కు 600 మీటర్ల పరుగు తర్వాత సాయంత్రం పెడితే ఆ రెండు సెక్షన్లను పోల్చడమే తప్పు. పొద్దుటి కంటే సాయంత్రం ఒళ్లు ఎక్కువ వంగుతుంది.

గ్రౌండ్_పీఈటీ

పీడీ గారూ, చాలా థాంక్స్. ఇప్పుడే కొలిచాను. పక్క స్కూలు బాక్సు 23, మాది 15. అంటే 8 సెం.మీ. సంగతి తేలిపోయింది. కానీ 8, 9 తరగతుల మగపిల్లలకు దాని మీద ఇంకో 2, 3 సెం.మీ. తగ్గుదల మిగిలింది. దాన్ని ఏమనుకోవాలి?

పిల్లల_ఫిజియో

అది ఆ వయసులో రావలసిన తగ్గుదలే అయి ఉండొచ్చండీ. యుక్తవయసు మొదట్లో పిల్లలు పొడుగయ్యేటప్పుడు ముందు కాళ్లు సాగుతాయి, మొండెం ఆ తర్వాత అందుకుంటుంది. ఆడపిల్లల్లో ఈ ఎదుగుదల జోరు సుమారు 12 ఏళ్లకు, మగపిల్లల్లో సుమారు 14కు పతాకస్థాయిలో ఉంటుంది. మీ 8, 9 తరగతుల మగపిల్లలు సరిగ్గా అక్కడున్నారు. కాళ్లు పొడవై, చేతులు, నడుము ఇంకా అంత పెరగనప్పుడు, కండరం ఏమాత్రం బిగుసుకోకపోయినా చెయ్యి కాలివేళ్లకు దూరమవుతుంది. సిట్ అండ్ రీచ్ అంకెలో తొడ వెనక కండరం సాగుదలతో పాటు నడుము వంగడం, భుజాలు ముందుకు జారడం, కాళ్లూ చేతుల పొడవుల నిష్పత్తి అన్నీ కలిసి ఉంటాయి. తొడ వెనక కండరం గురించి ఒక మోస్తరుగా చెబుతుంది గానీ, నడుము గురించి దాన్నుంచి తెలిసేది చాలా తక్కువ.

కాళ్ల పొడవు ప్రభావం తీసేయాలంటే సులువైన మార్గం ఉంది. పిల్లాణ్ని గోడకు తల, వీపు, పిరుదులు ఆనించి కూర్చోబెట్టండి, కాళ్లు చాపి అరికాళ్లు బాక్సుకు ఆనాలి. వీపు గోడను వదలకుండా చేతులు చాపమంటే వేలి కొన ఎక్కడికి వస్తుందో అది ఆ పిల్లాడి సొంత సున్నా. అక్కడి నుంచి వంగి ఎంత దూరం వెళ్లాడో అదే స్కోరు. దీనికి బాక్సు మీద జరిపే స్కేలు ఒకటి కావాలి, అంతే. భుజాలు ముందుకు లాగకుండా చూడాలి, సున్నా దగ్గరే మోసం జరిగితే మొత్తం పోతుంది.

ఇంకో మాట. అంకె రాసే ముందు పిల్లాణ్ని పక్క నుంచి చూడండి. ఇద్దరూ 25 అందుకోవచ్చు. ఒకడికి బెల్టు కింద ఉండే చదునైన ఎముక దాదాపు నిటారుగా లేచి, నడుము మెల్లటి వంపుతో ముందుకు వస్తుంది. అంటే వాడు తుంటి దగ్గర వంగుతున్నాడు. ఇంకొకడికి ఆ ఎముక వెనక్కి వాలిపోయి, వీపు మాత్రం విల్లులా గుండ్రంగా తిరుగుతుంది. వీడికి తొడ వెనక కండరం బిగుతుగా ఉంది, ఆ లోటును నడుము భరిస్తోంది. రిజిస్టర్లో ఇద్దరూ సమానం. నన్నడిగితే పక్కన "తుంటి" లేదా "వీపు" అని ఒక్క మాట రాయడం ఆ అంకె కంటే ఎక్కువ ఉపయోగం.

మార్కుల విషయంలోనూ కాస్త నెమ్మదించాలి. ఫిట్‌నెస్‌గ్రామ్‌లో మగపిల్లలకు ఏ వయసులోనైనా 8 అంగుళాలు చాలు. పాదరేఖ 9 దగ్గర ఉంటుంది కాబట్టి కాలివేళ్లకు అంగుళం ఇవతల ఆగినా ఆరోగ్యకరమే అన్నమాట. ఆడపిల్లలకు 10 ఏళ్ల దాకా 9, 11 నుంచి 14 దాకా 10, 15 దాటాక 12 అంగుళాలు. 12 దాటి ఎంత అందుకున్నా రాయరు, ఎందుకంటే ఎక్కువ వంగిన వాడికి ఎక్కువ ఆరోగ్యం అని ఎక్కడా లేదు. తరగతిలో ఫస్ట్ ఎవరు, లాస్ట్ ఎవరు అని ర్యాంకులు చదవడం ఈ పరీక్షకు అస్సలు నప్పదు.

అయితే ఆ ప్రమాణాలు ఒక్కో కాలితో విడిగా చేసే పద్ధతివి, రెండు కాళ్లు చాపి చేసిన రీడింగుకు వాటిని అంటగట్టకూడదు. ఒక కాలు చాపి, రెండో కాలు మడిచి, ఆ పాదాన్ని చాపిన మోకాలి పక్కన ఐదారు సెం.మీ. ఎడంగా నేల మీద పెట్టాలి. దీనివల్ల నడుము మీద ఒత్తిడి తగ్గుతుంది, కుడి ఎడమల తేడా కూడా బయటపడుతుంది. లాంగ్ జంప్ పిల్లలకు ఆ తేడా తెలియడం అవసరం.

క్రీడా_ఫిజియో

మీ రెండో ప్రశ్నకు వస్తాను. టీమ్ పిల్లలకు సిట్ అండ్ రీచ్ ఒక్కటే సరిపోదు. వాళ్లకు కీలు వారీగా డిగ్రీల్లో కొలవాలి. ఫోన్లో లెవెల్ చూపించే యాప్ చాలు. ఎప్పుడూ అదే ఫోన్, అదే కవరు, అదే చోటు.

తొడ వెనక కండరానికి: పిల్లాణ్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఫోన్‌ను ముంగాలి ఎముక మీద, చీలమండకు కాస్త పైన ఆనించి, కాలు బల్ల మీద ఉన్నప్పుడే 0 చేయండి. ఒకరు మోకాలు నిటారుగా ఉంచి కాలు మెల్లగా లేపాలి, ఇంకొకరు రెండో తొడను బల్లకు ఆనించి పట్టుకోవాలి. మోకాలు వంగడం మొదలైనా, రెండో తొడ లేచినా, పిల్లాడు "చాలు" అన్నా అక్కడే ఆపి డిగ్రీలు చదవండి. రెండో మనిషి లేకుండా చేస్తే కటి వెనక్కి తిరిగి పది డిగ్రీలు ఎక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు. 80 దగ్గర ఉంటే మామూలు, 70 లోపు ఉంటే బిగుతు కిందే చూడండి.

చీలమండకు: గోడకు ఎదురుగా నేల మీద టేపు అతికించండి. బొటనవేలు టేపు మీద, మడమ నేల వదలకుండా మోకాలు గోడకు తాకాలి. తాకితే పాదం సెంటీమీటరు వెనక్కి జరపండి. మడమ లేవకుండా మోకాలు తాకే ఆఖరి దూరమే రీడింగు. మడమ కింద కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఉండండి, కాగితం జారి వచ్చిందంటే మడమ లేచినట్టు. మోకాలు రెండో వేలికి సూటిగా వెళ్లాలి. లోపలికి వాలితే పాదం చదునై దొంగ రీడింగు వస్తుంది. ఒక్కో సెంటీమీటరుకు సుమారు మూడున్నర డిగ్రీలు. కానీ కాలు పొడవుగా ఉన్న పిల్లాడికి అదే కోణానికి ఎక్కువ సెంటీమీటర్లు వస్తాయి కాబట్టి 6వ తరగతి వాణ్ని 10వ తరగతి వాడితో పోల్చేటప్పుడు ఫోన్ ముంగాలి మీద పెట్టి కోణమే చదవండి. ఒకే పిల్లాడి రెండు కాళ్ల మధ్య 2 సెం.మీ. దాటి తేడా ఉంటే పాత బెణుకు ఏమైనా ఉందా అని అడగాలి. కబడ్డీలో ఇది చాలా తరచు. బెణికిన చీలమండ నొప్పి తగ్గినా వంగడం పూర్తిగా తిరిగి రాదు, ఎవరూ పట్టించుకోరు.

ఫాస్ట్ బౌలింగ్, జావెలిన్, బ్యాడ్మింటన్ పిల్లలుంటే భుజం తిరుగుడు కొలవాలి. వెల్లకిలా పడుకుని, చెయ్యి పక్కకు 90 డిగ్రీలు, మోచెయ్యి 90 డిగ్రీలు. భుజం ముందు భాగాన్ని అరచేత్తో బల్లకు ఆనించి పట్టుకుని, ముంజేతిని ముందుకు ఎంత వాలుతుందో, వెనక్కి ఎంత వాలుతుందో విడివిడిగా చదవాలి. విసిరే చేతికి ముందుకు తిరగడం తగ్గి వెనక్కి తిరగడం పెరగడం మామూలే, దాన్ని చూసి కంగారు పడకూడదు. రెండూ కూడి చూడండి. విసిరే చెయ్యి 45 + 110 = 155, రెండో చెయ్యి 60 + 95 = 155 అయితే లెక్క సరిపోయింది. విసిరే చెయ్యి 35 + 105 = 140 దగ్గర ఆగితే నిజంగా 15 డిగ్రీలు పోయింది, ఆ పిల్లాడికి బౌలింగ్ ఓవర్లు తగ్గించి ఫిజియోకు చూపించాలి.

మరీ ఎక్కువ వంగే పిల్లలను కూడా వదలకండి. జిమ్నాస్టిక్స్, యోగా, కూచిపూడి నేర్చుకునే వాళ్లలో సిట్ అండ్ రీచ్ అదిరిపోతుంది, అందరూ చప్పట్లు కొడతారు. వాళ్లకు బైటన్ స్కోరు (కీళ్లు ఎంత వదులుగా ఉన్నాయో చూసే లెక్క) చూడండి, రెండు నిమిషాల పని. చిటికెన వేలు వెనక్కి 90 డిగ్రీలు దాటితే చెయ్యికి 1, బొటనవేలు ముంజేతికి తాకితే చెయ్యికి 1, మోచెయ్యి 10 డిగ్రీలు దాటి వెనక్కి వంగితే ఒక్కోదానికి 1, మోకాలూ అలాగే ఒక్కోదానికి 1, మోకాళ్లు వంచకుండా రెండు అరచేతులూ నేలకు పూర్తిగా ఆనితే 1. మొత్తం 9. ఎదిగే వయసు పిల్లల్లో 6 గానీ అంతకు పైన గానీ వస్తే కీళ్లు వదులుగా ఉన్నట్టు. అదొక్కటే జబ్బేమీ కాదు. కానీ అలాంటి పిల్లలకు కావలసింది ఇంకా సాగదీయడం కాదు, కీలు చుట్టూ బలం.

గ్రౌండ్_పీఈటీ

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం. రేపు ఒక పిల్లాడికి 2 సెం.మీ. పెరిగిందనుకోండి, అది నిజంగా పెరిగిందా, నా కొలతలో తేడానా అని ఎలా తెలుస్తుంది?

లెక్కల_కోచ్

దానికి మీ సొంత పొరపాటు ఎంతో ముందు కొలుచుకోవాలి. పది పన్నెండు మందిని తీసుకుని ఇవాళ ఒకసారి, రెండు రోజుల తర్వాత అదే వేళకు, అదే వార్మప్‌తో, మొదటి రీడింగులు చూడకుండా మళ్లీ కొలవండి. ఒక్కొక్కరికీ రెండో రీడింగులోంచి మొదటిది తీసేయండి, ప్లస్ మైనస్ గుర్తులతో సహా. ఎక్సెల్‌లో ఆ తేడాల సగటు, ప్రామాణిక విచలనం (తేడాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) తీయండి. సగటు సున్నాకు దూరంగా ఉంటే ఏదో ఒకవైపు లాగుతోంది. పిల్లలు అలవాటు పడ్డారు, లేదా బాక్సు జరిగింది, లేదా రెండో రోజు మోకాలు సరిగ్గా పట్టుకోలేదు. విచలనాన్ని 1.96తో గుణిస్తే వచ్చేది మీ హద్దు. ఉదాహరణకు విచలనం 1.3 వస్తే హద్దు సుమారు 2.5 సెం.మీ. అంటే ఒక పిల్లాడిలో 2 సెం.మీ. పెరుగుదల గానీ తగ్గుదల గానీ మీరు నిక్కచ్చిగా చెప్పలేరు, 4 అయితే చెప్పొచ్చు. తరగతి సగటు విషయం వేరు. ముప్పై మందిలో పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి సగటులో 2 సెం.మీ. పట్టించుకోదగ్గదే.

కొలిచే మనిషి మారితే ఈ హద్దు పెరుగుతుంది. వీలైతే ప్రతి ఏడాదీ మోకాలు పట్టుకునేది, అంకె చదివేది అదే ఇద్దరై ఉండాలి. పిల్లాడి ఎత్తుతో పాటు కూర్చున్నప్పటి ఎత్తు కూడా రాసుకోండి, స్టూలు మీద కూర్చోబెట్టి కొలిచి స్టూలు ఎత్తు తీసేస్తే చాలు. ఏడాదిలో మొత్తం ఎత్తు 8 పెరిగి, కూర్చున్న ఎత్తు 3 మాత్రమే పెరిగితే 5 సెం.మీ. కాళ్లే పెరిగాయి. ఫిజియో గారు పైన చెప్పిన సంగతి మీ రిజిస్టర్లోనే కనబడుతుంది.

గ్రౌండ్_పీఈటీ

కూర్చున్న ఎత్తు ఈ వారమే మొదలుపెడతాను. ఆఖరుగా ఒకటి: లాంగ్ జంప్ చేసే 9వ తరగతి అబ్బాయి ఒకడు వంగినప్పుడు పిర్ర కింద, కూర్చునే ఎముక దగ్గర నొప్పి అంటున్నాడు. బిగుతు అనుకుని సాగదీయించమంటారా?

పిల్లల_ఫిజియో

వద్దండీ, ఆ అబ్బాయికి వంగే పరీక్షలూ సాగదీతలూ ఇవాళ్టి నుంచే ఆపేయండి. ఆ వయసులో తొడ వెనక కండరం అతుక్కున్న చోట ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. పరుగెత్తే, దూకే ఆటల్లో కండరం లాగిన లాగుడుకు ఆ ఎముక ముక్క ఊడిరావొచ్చు. దూకేటప్పుడో పరుగెత్తేటప్పుడో ఒక్కసారిగా "టక్"మని మొదలైందా అని అడగండి. అలా అయితే ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించి కటి ఎక్స్‌రే తీయించాలి. నెమ్మదిగా మొదలైన నొప్పి అయినా ఒకసారి చూపించడమే మంచిది. మోకాలి చిప్ప కింద గడ్డ నొప్పి, మడమ వెనక నొప్పి ఉన్న పిల్లలకు కూడా బలవంతపు సాగదీత వద్దు. వెనక్కి వంగితే నడుము నొప్పి వచ్చే ఫాస్ట్ బౌలర్లను, జిమ్నాస్టులను ఆట ఆపి డాక్టరుకు పంపండి. ఇలాంటి వాళ్లకు రిజిస్టర్లో సున్నా వేయకుండా "నొప్పి వల్ల పరీక్ష జరపలేదు" అని రాయండి, ఎక్కడ నొప్పో, ఏ వైపో కూడా.